లార్చ్ లోయ రిలేను మళ్లీ వెలిగించమని, దాన్ని ఆర్పించినవాడి మనవి

హాలర్ కౌంటీ కమిషనర్ల మండలి అధ్యక్షులవారి సముఖానికి,
మోంటానా రాష్ట్రం.
తేది: 2007 జూన్ 18.

అయ్యా,

విషయం: లార్చ్ లోయలో టీవీ రిలే కేంద్రం బొమ్మ ఎవరికీ అందడం లేదని మండలి చేసిన తీర్మానం రద్దు గురించి, ఆ తీర్మానానికి ఆధారమైన అబద్ధం ఎవరిదో తెలియపరచుట గురించి.

లార్చ్ లోయ కాపురస్తుడు, మూతపడిన సామిల్లు యూనియన్ మాజీ కార్యదర్శి, వయసు యాభై నాలుగు, డెల్మర్ ఓస్ట్‌గార్డ్ అనే నేను చేసుకొను విన్నపము. నా చేతిరాత తమ కచేరీకి కొత్త కాదు. రోడ్డు గురించి, అడవి కాంట్రాక్టుల గురించి, బడి బస్సు గురించి పదకొండేళ్లుగా పంపిన కాగితాలన్నిటిలోనూ ముద్దాయి తమరే. ఈసారి ముద్దాయి నేను. అలవాటు లేని పని గనుక మధ్యలో పాత ధోరణి తన్నుకొస్తే మన్నించగలరు.

1. లార్చ్ లోయలో ఇళ్లు నలభై రెండు. నగరంలోని టీవీ స్టేషన్‌కూ మాకూ నడుమ రెండు కొండలు అడ్డం. అందుచేత పడమటి శిఖరం మీద రిలే పెట్టి, స్టేషన్ బొమ్మను అక్కడ పట్టి లోయలోకి దించే ఏర్పాటు 1974 నుంచి ఉన్నది. కరెంటు కౌంటీది. దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఆర్విన్ స్ట్రేక్ అనే వెల్డరు. అతనికి జీతం లేదు. శీతాకాలంలో మంచుబండి మీద ఎక్కివెళ్లి, యాంటెనాకు పట్టిన గడ్డను సుత్తితో రాలగొట్టి వచ్చేవాడు.

2. ఆ బొమ్మ పాతకాలపు బొమ్మ. ఆటలో బంతి ఏదో, గడ్డి మీది మరక ఏదో తెలిసేది కాదు. నగరంవాళ్లకు మాత్రం అదే ఆట హెచ్‌డీలో, ఆటగాడి గడ్డం మీది చెమటతో సహా. డిష్ పెట్టుకుందామంటే చట్టం అడ్డం: యాంటెనాతో స్థానిక స్టేషన్ అందే ఇంటికి న్యూయార్క్ స్టేషన్‌ను ఉపగ్రహం మీద ఇవ్వరాదట. పోనీ, స్థానిక స్టేషన్ హెచ్‌డీనే ఉపగ్రహం ఎక్కించమంటే, మా ప్రాంతంలో జనం చాలరట. పన్ను కట్టేటప్పుడు చాలిన జనం, బొమ్మ చూసేటప్పటికి ఎందుకు చాలరు? ఈ మాట అప్పుడన్నాను, ఇప్పుడూ అంటాను. ఈ ఒక్క అంశంలో నాకు పశ్చాత్తాపం లేదని మనవి.

3. చట్టంలో ఒక సందు ఉన్నది. మా ఇంట యాంటెనాకు బొమ్మ రాదని యజమాని సంతకం చేస్తే, స్టేషన్ తరఫు మనిషి వచ్చి మీటరుతో కొలిచి, నిజమైతే మినహాయింపు ఇస్తారు. ఆ కాగితం రాసి, ఇంటింటికీ తిరిగి నలభై ఒక్క సంతకాలు పెట్టించినది నేను. కొలిచే మనిషి రాబోయే ముందురోజు యాంటెనాలన్నీ శిఖరం వైపు నుంచి తూర్పుకు తిప్పించినదీ నేనే. తెల్లారేసరికి మా ఇళ్ల కప్పులన్నీ అలిగి మొహం తిప్పుకున్నట్టున్నవి. అతడు చూశాడు, నవ్వుకున్నాడు, సున్నా అని రాసుకున్నాడు.

4. నలభై రెండవ ఇల్లు వెర్నా కిట్రెడ్జ్ గారిది. ఆమె బడిలో వంటమనిషిగా పనిచేసి, నాకూ తమకూ కూడా వడ్డించిన మనిషి. ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్లు. చెవులు పూర్తిగా పోయినవి. ఆమెతో మాట్లాడాలంటే పలక లాంటి చిన్న పుస్తకంలో రాసి చూపాలి. ఆమె మాత్రం నోటితోనే, లోయంతా వినేలా, జవాబిస్తారు. ఆమె టీవీలో వార్తలు వినరు, అడుగున వచ్చే అక్షరాలు చదువుతారు. ఇంటిని ఆనుకుని దక్షిణాన కొండ ఉన్నందువల్ల డిష్‌కు కావలసిన ఆకాశం ఆమెకు లేదు. సంతకం అడిగితే, "బొమ్మ వస్తుంటే రాదని ఎలా రాయమంటావురా?" అన్నారు. నేను అన్యాయం గురించి పుస్తకంలో నాలుగు పేజీలు రాశాను. ఆమె చదివి, "ఇదంతా నిజమే. నాకు మాత్రం బొమ్మ వస్తోంది," అన్నారు.

కొలిచే మనిషి ఆమె ఇంటినీ కొలుస్తాడు, ఒక్క ఇంట బొమ్మ ఉన్నదంటే లోయకంతటికీ ఉన్నదంటారని నా భయం. కప్పు మీది కాలువలో పైన్ ఆకులు తీస్తానని చెప్పి నిచ్చెన వేసుకుని ఎక్కాను. ఆకులు తీశాను. ఆమె యాంటెనా కూడా తిప్పాను. దిగివచ్చేసరికి ఆమె హకిల్‌బెర్రీ అడవిపళ్లు పెట్టి కాల్చిన పై రొట్టె కోసి ప్లేటులో పెట్టి ఉంచారు. తిన్నాను. రెండవ ముక్క కూడా తిన్నాను.

5. మినహాయింపులు వచ్చినవి, డిష్‌లు లేచినవి, లోయ హెచ్‌డీలో మునిగినది. ఆ కాగితాలన్నీ మండలివారి ముందుకు పోతాయని నాకు తోచలేదు. నలభై రెండు ఇళ్లలోనూ సిగ్నల్ సున్నా అని చూసి, ఎవరికీ అందని రిలేకు కరెంటు దండగ అని తమరు ఏప్రిల్ ఆఖరున ఆపివేసినారు. కాగితాన్ని బట్టి తమరు చేసినది సబబే. ఈ వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టినదని గమనించగలరు.

6. ఆర్విన్ రిలే తాళంచెవి కవరులో పెట్టి కౌంటీకి ఇచ్చివేసి, తిరిగివస్తూ నా గుమ్మం ముందు బండి ఆపాడు. గొడవ పడతాడనుకున్నాను. "ఇన్నేళ్లూ ఎవరికీ బొమ్మ అందడం లేదని ఒక్కడైనా నాతో అనలేదే. అంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి కదా," అన్నాడు. అతను నమ్మాడు, అయ్యా. తన పనే సరిగా లేదని నమ్మాడు. నేను తల ఊపాను.

7. పోయిన ఆగస్టులో మంటలు వాగు దాటినప్పుడు ఇళ్లు ఖాళీ చేయమన్న ఉత్తర్వు టీవీ అడుగున అక్షరాలుగా వచ్చినది. షెరీఫ్ మనిషి చివరి ఇంటికి చేరేలోపే వెర్నాగారు ఆ అక్షరాలు చదువుకుని, పిల్లిని సంచిలో వేసుకుని రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డారు. మా న్యూయార్క్ హెచ్‌డీలో ఇప్పుడు న్యూయార్క్ వాన కబుర్లు బ్రహ్మాండంగా కనిపిస్తున్నవి. మా అడవి సంగతి అందులో రాదు. మాకు చెవులున్నవి, ఫోన్లున్నవి, పక్కవాడి కేక వినపడుతుంది. ఆమెకు ఆ అక్షరాలు తప్ప ఏమీ లేవు. మంటల కాలం మూడు వారాల్లో మొదలవుతుంది.

8. మొన్న ఆమె పుస్తకంలో జరిగినదంతా రాసి ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివారు. తిడతారని కాచుకున్నాను. ఆమె టీవీ వైపు తిరిగి చూసి, "పాడైందనుకుని రోజూ దీని నెత్తిన కొడుతున్నా కదరా, పాపం," అన్నారు. పుస్తకం మూసి, "నాకు రాస్తే ఏం లాభం? అబద్ధం ఎవరికి రాశావో వాళ్లకే రాయి," అన్నారు.

9. ఈ అర్జీ సంగతి పొక్కగానే మా కాఫీ హోటల్ యజమాని నన్ను నిలదీశాడు. అతని పేరు రాయను. లోయలో హోటల్ ఒక్కటే గనుక తమకు తెలిసిపోతే నా పూచీ లేదు. "నీకంత బాధగా ఉంటే నీ డిష్ పీక్కో. సంతకం పెట్టించినప్పుడు వీరుడివి, ఇప్పుడు పుణ్యాత్ముడివి. రెండుసార్లూ మామీదేనా ఊరేగేది?" అన్నాడు. అతని మాట నిజమేనని ఒప్పుకున్నాను. నా జన్మలో ఇది అరుదు. అందుచేత ఇతరుల యాంటెనాల గురించి పైన రాసినదానికి మించి నేను సాక్ష్యం చెప్పను, పిలిపించినా చెప్పను. నా ఇంటిలోనూ వెర్నాగారి ఇంటిలోనూ సిగ్నల్ ఉండెననీ, రెండు యాంటెనాలనూ తిప్పినవాడిని నేనేననీ ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను. నా మినహాయింపు పత్రం ఇందుతో జతపరచి వదులుకుంటున్నాను. ఒక రిలే వెలగడానికి ఒక్క ఇల్లు చాలదా అని అడుగుతున్నాను. చాలదని చట్టం అంటే ఆ చట్టం మీద వేరే కాగితం పంపుతాను. అది ఇంత వినయంగా ఉండదు.

కావున, జూలై రాకముందే రిలేకు కరెంటు ఇప్పించి, తాళంచెవి ఆర్విన్ స్ట్రేక్‌కు తిరిగి ఇప్పించి, బొమ్మ ముప్పై ఏళ్లూ అందుతూనే ఉండెనని అతనికి కౌంటీ ముద్రతో ఒక ఉత్తరం రాయించవలెను. నేను చెప్పాను, నా మాట అతను ఇప్పుడు నమ్మడం లేదు. నాకు విధించదలచిన శిక్ష ఏదైనా ఆ పిమ్మట విధించవచ్చును. ముందు మంటలు, తరువాత నేను అని చిత్తగించవలెను.

ఈ ఒక్క కాగితం మేరకు తమ విధేయుడు,
డెల్మర్ ఓస్ట్‌గార్డ్

తా.క.: రిలే వచ్చేదాకా రోజూ సాయంత్రం వెర్నాగారింటికి వెళ్లి, రేడియోలో విన్న మంటల కబురు పుస్తకంలో రాసి చూపుతున్నాను. నిన్న ఉత్తరపు గట్టు మీద పిడుగుపడి చిన్న మంట లేచినది. అటవీ శాఖ నిర్లక్ష్యం, కలప కంపెనీల లాభాపేక్ష, తమరి మండలి పాత్రతో సహా పేజీన్నర రాశాను. ఆమె కళ్లజోడు సవరించుకుని అంతా చదివి, పుస్తకం నా చేతిలో పెట్టి అన్నారు: "ఒరే, మంట ఎటొస్తోందో రాయి. ఎవరి తప్పో తర్వాత రాద్దువుగాని."