ప్రనోమ్ పిన్ని అడిగి తెచ్చుకున్న కొట్టు

సోంగ్‌ఖ్లా

అరుణీ అక్కకు,
నేను క్షేమమే, ఆదివారం రాలేదని కంగారుపడకు. మొన్న సీరియల్లో కథానాయిక అత్త లాక్కున్న మిల్లును తిరిగి దక్కించుకుని, ఆ అత్తను తన కాళ్ల మీద పడేలా చేసింది. హాస్టల్లో అందరం చప్పట్లు కొట్టాం, వంటచేసే ప్రనోమ్ పిన్ని తప్ప. ఆవిడ నూడుల్స్ కొట్టును మరిది లాక్కున్నాడు.

“నీకు సంతోషంగా లేదా పిన్నీ?” అన్నాను.

“వాడు కాళ్లు పట్టుకుంటే నాకేం ఒరుగుతుందే? నా కొట్టు నాకిస్తే చాలు.”

మర్నాడే తన ఊరికి బయలుదేరితే తోడు వెళ్లాను. ఊరిపెద్ద ఎదుట పిన్ని గట్టిగా అడిగేసరికి మరిది మొహం తిప్పుకుని తాళాలిచ్చాడు. పిన్ని వాణ్ణి తిట్టలేదు. లోపలికెళ్లి పొయ్యి కడగసాగింది.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? కాల్చిన మిరపకాయల కారం పంపు. పిల్లలకు ముద్దులు.

నేనైతే ఆ మరిదిని నాలుగు మాటలైనా అనేదాన్ని. నువ్వైతే, అక్కా?

నీ చెల్లెలు
మయురీ