మానిటర్ ఆపి చూడండి బావా

బుధవారం, మధ్యాహ్నం

అలిగి వెళ్ళిన బావగారికి,

మరదలి నమస్కారాలు. ఇందులో సగం గౌరవం, సగం వేళాకోళం. ఏ సగం ఏదో మీరే తేల్చుకోండి. నేను క్షేమం. అక్క క్షేమం నాకు రోజూ ఫోన్లో వినిపిస్తూనే ఉంది. మీరు మాత్రం ఆదివారం నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం. దీన్ని మధ్యలో కట్ చేయలేరుగా.

ఆదివారం సంగతికే వస్తాను. మీరు మా ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచి, మీ ఆసుపత్రి కొత్త సాఫ్ట్‌వేర్‌లో బటన్లన్నీ మళ్ళీ పాత వరుసలో పెట్టేశాను, నీ కోసమే చేశాను, చూపులేనివాళ్ళు హాయిగా వాడుకోవచ్చని ఒక్క సంతకం పెట్టమ్మా, మిగతా బ్రాంచీలకూ పంపేస్తాం అన్నారు. నేను పెట్టనన్నాను. మీ టీ చల్లారిపోయింది. మీ చెప్పుల చప్పుడు వీధి మలుపుదాకా వినిపించింది.

మా ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల కౌంటర్లో నా పని ఎలా ఉంటుందో మీకు తెలుసనుకుంటున్నారు గానీ, తెలియదు. ఎడమ చెవికి ఫోన్, కుడి చెవికి కంప్యూటర్. ఒక చెవిలో రోగి తన బాధలు చెబుతుంటాడు, రెండో చెవిలో స్క్రీన్ రీడర్ తెర మీద ఉన్నది చదువుతుంటుంది. పాత సాఫ్ట్‌వేర్ ముసలిదే అయినా నోరున్నది. ఒక బటన్ నుంచి ఇంకోదానికి జరిపే ట్యాబ్ కీ నొక్కినప్పుడల్లా డాక్టర్, తేదీ, రద్దు, ఖరారు అని పేరుపేరునా పలికేది. మీరు చేసిన కొత్తది చూడముచ్చటగా ఉందని అందరూ అంటున్నారు. అన్నీ బొమ్మల బటన్లట. నా చెవిలో మాత్రం అది 'బటన్, బటన్, బటన్' అంటుంది, అంతే. విందుకొచ్చిన చుట్టాలందరినీ ఈయన మనిషి, ఈవిడ మనిషి అని పరిచయం చేసినట్టు.

మరి మొదటిరోజు మేనేజరుగారి ముందు అంత చకచకా ఎలా చేశావంటారు. కాస్త గుండె చిక్కబట్టుకోండి. ఆ ముందువారం సాయంత్రాలన్నీ అక్క నా పక్కన కూర్చుని తెర చదివిపెట్టింది. ఎన్నో నొక్కుకి ఏ బటన్ వస్తుందో ఎక్కాల్లా బట్టీపట్టాను. మీరు చప్పట్లు కొట్టింది మీ సాఫ్ట్‌వేర్‌కి కాదు బావా, నా జ్ఞాపకశక్తికి. అక్క మీద విరుచుకుపడకండి. మీ పేరూ నిలవాలి, నా కుర్చీ కూడా నిలవాలి అని తన తాపత్రయం. నేనూ వద్దనలేదు.

ఆ తర్వాత మీవాళ్ళు అప్‌డేట్ పంపారు. మధ్యలో ప్రింట్ బటన్ ఒకటి దూర్చారు. నా లెక్క ఒక నొక్కు వెనక్కి జరిగింది. ఖరారు అనుకుని నొక్కిందల్లా రద్దు అయింది. రద్దయిందని తెర మీద సందేశం మెరిసిందట, పలకలేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు అనే సామెత నా ముందు వాడటానికి అందరూ మొహమాటపడతారు కాబట్టి నేనే వాడుకుంటున్నాను. చెవి ఆపరేషన్ అయిన పసివాణ్ణి ఎత్తుకుని ఒక తల్లి వచ్చింది. మీ పేరు లేదన్నారట లోపల. నా కౌంటర్ దగ్గరికొచ్చి, ఫోన్లో ఖాయమన్నారు కదమ్మా, ఆ గొంతు మీదే కదా అంది.

మేనేజరుగారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మీ బావగారు సరిచేశాక, బాగుందని మీరు రాసిస్తే ఈ కుర్చీ మీదే, లేదంటే వచ్చినవాళ్ళకి దారి చెప్పే బల్ల దగ్గర కూర్చోండి, అక్కడ కంప్యూటర్ గొడవ ఉండదు అన్నారు. పదేళ్ళు పనిచేసినదాన్ని బొమ్మలా కూర్చోబెట్టడమే అది.

అప్‌డేట్‌కి ముందున్న పాత వరుస వచ్చేసింది, ఇంకా నీకేం ఇబ్బంది అంటారు. నాకేమీ లేదు. రెండో బ్రాంచిలో నాతోపాటు శిక్షణ తీసుకున్న 'రేడియో' ఉన్నాడు. వాగుడు ఆపడు గనక ఆ పేరు. వాడికీ చూపు లేదు, పక్కన కూర్చుని తెర చదివిపెట్టే అక్కా లేదు. వాళ్ళెవరూ అడగనిది నీకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నారు మీరు. కందకు ఇంకా దురద పుట్టలేదు బావా. నా సంతకం అయ్యాకే కదా మీ సాఫ్ట్‌వేర్ అక్కడికి వెళ్ళేది.

ప్రతి బొమ్మ బటన్‌కీ పేరు రాసిపెట్టాలి, సందేశం వస్తే అదీ పలకాలి. అంతకుమించి నేను అడిగేది లేదు. పరీక్షించామంటున్నారు. నిజమే, స్క్రీన్ రీడర్ పెట్టుకునే పరీక్షించారు. కానీ ఎదురుగా మానిటర్ వెలుగుతూనే ఉంది. చెవికి అందనిది కన్ను అందించేసింది, మీకు తెలియకుండానే. ఒక్కసారి మానిటర్ ఆపి, మౌస్ సొరుగులో పడేసి, మీ పేరు మీద పళ్ళ డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆ పన్ను ఎలాగూ సలుపుతోందని అక్క చెప్పింది. అది నిజంగా ఖరారైతే సంతకమేం ఖర్మ, వేలిముద్ర కూడా వేస్తాను.

మీ మీద నాకు కోపం లేదు. చూపు పోయాక నన్నేం చేయాలో తెలియక ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే, దానికి కంప్యూటర్ నేర్పించండి అని పైకి అన్నది మీరొక్కరే. అందుకే మీ చేతి పని నాతో మాట్లాడకపోతే నాకు ఎక్కువ బాధ.

ఇట్లు,
సంతకం పెట్టని మీ మరదలు

తా.క.: ఇదంతా కుర్చీ కోసం బేరమనుకుంటారేమో. ఆ కుర్చీ నిన్ననే వదిలేశాను. మేనేజరుగారికి బట్టీ సంగతి మొత్తం చెప్పి, దారి చెప్పే బల్ల దగ్గరికి మారాను. ఆదివారం మీరు 'నీ కోసమే' అన్నప్పుడు సరే అనేద్దామని నోటిదాకా వచ్చింది బావా. పాత వరుస నాకింకా కంఠతా వచ్చు. ఇవాళ పొద్దున ఆ పసివాడి తల్లి మళ్ళీ వచ్చి చెవి డాక్టర్ గది ఎటు అని అడిగింది. ఎడమవైపు రెండో తలుపు అన్నాను. నా గొంతు గుర్తుపట్టినట్టుంది. పక్కనున్నవాళ్ళని కూడా అడిగి వెళ్ళింది.