బావ పెట్టాల్సిన సంతకం

పాండేసర, సూరత్

చెల్లె భాగ్యలక్ష్మికి,

ఫోన్‌లో నువ్వు ఏడిస్తే నాకు మాట రాదు. అందుకే రాస్తున్నాను. నువ్వు వద్దన్నా బావ కేసుకు వకీలును కుదిర్చాను. పేరు ఊర్మిళాబెన్. ఇరవై ఏండ్లుగా కార్మికుల కేసులే చూస్తున్నది.

నాకు కంటి ఆపరేషన్ అయినప్పుడు, మిల్లులో నా మరమగ్గాలు వేరేవాళ్లకు పోవద్దని బావ పది రోజులు నా బదులు పని చేశాడు. హాజరు బుక్కులో రోజూ నా పేరే రాశాడు. పదో రోజు మగ్గంలో కుడి చెయ్యి పడి మూడు వేళ్లు పోయినయి. ఇప్పుడు మిల్లు యజమాని సేఠ్, బావ ఎవరో తెలియదంటున్నాడు. ముందు కలిసిన ఇద్దరు వకీళ్లు ఈ మాట వినగానే కేసు నిలవదన్నారు.

ఊర్మిళాబెన్ నేను రాసిచ్చిన సంగతంతా చదివి నా చేతులు చూసింది.

"బుక్కులో నీ పేరుంది, నీ వేళ్లు పదీ ఉన్నాయి. ఆ రోజు నువ్వు పనిలో లేవని కోర్టులో చెప్తావా? సేఠ్ నిన్ను మళ్లీ గడప తొక్కనియ్యడు మరి."

"చెప్తా" అన్నాను.

"గంట నుంచి కూర్చున్నావు, ఇప్పటికి నోరు తెరిచావు భాయ్" అని నవ్వింది.

నా పని పోతుందని దిగులు పడకు. ఇక్కడ పక్కనే ఉన్న ఉధ్నాలో మగ్గాలకు కొదవ లేదు, నాకు బావ ఒక్కడే.

కేసు ఆమెకు అప్పగించే కాగితం ఇందులో పెట్టాను. బావ ఎడమ చేత్తో ఎట్ల వస్తే అట్ల సంతకం పెట్టాలి. జర పక్కన కూర్చుని చూడు. అలవాటు కొద్దీ నా పేరు రాస్తాడేమో. ఈసారి తన పేరే రాయమను.

నీ అన్న