పసుపు పూసిన పెన్ డ్రైవ్

ఫిబ్రవరి 2, సోమవారం

కంప్యూటర్ తెర మీద మళ్లీ అదే హెచ్చరిక గడి. ఈ సిస్టంకు ఇక కొత్త రక్షణ రాదట. తెలుసు తల్లీ, ఏళ్లుగా చెబుతూనే ఉన్నావు. మూసేశాను.

ఆయన వెనక నుంచి చూశారు. "ఇంక ఎన్ని దినాలు నడుపుతవ్ దాన్ని? తుక్కుకు ఏసెయ్."

తుక్కుకు వేస్తే నా పెళ్లికార్డుల పనీ దాంతోనే పోతుంది. నా తెలుగు ఫాంట్లు ఈ పాత సిస్టంలో తప్ప ఎందులోనూ ఎక్కవు. పదకొండేళ్ల కార్డులు కొత్తదాంట్లో తెరిస్తే అన్నీ కోడి గెలికినట్టు ఇంగ్లిష్ అక్షరాలు. ఏ ఇంట్లో ఎవరి పేరు పైన వేయాలో, ఎవరిది కింద వేయాలో, పోయినవాళ్లు ఎవరో... జహీరాబాద్‌లో సగం ఇళ్ల పెద్దల పేర్లు దీని కడుపులోనే ఉన్నాయి. ఇది పోతే నన్ను మరిది కిరాణా దుకాణంలో కూర్చోబెడతారు. ఆ మాట ఇప్పటికే రెండుసార్లు వచ్చింది.

ఫిబ్రవరి 3, మంగళవారం

బీదర్ నుంచి అన్న ఫోన్. కంప్యూటర్లు బాగుచేసే మనిషి కదా, పలకరింపు కూడా దాంతోనే. "నెట్ వైరు పీకినవా చెల్లె?"

పీకాను. ప్రెస్సుకు డిజైన్లు పంపేటప్పుడే నెట్, అదీ ఒక గంట. బ్యాంకు పనులు దీంట్లో వద్దు. శుక్రవారం శుక్రవారం కార్డులన్నీ విడి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాలి, ఎక్కగానే డిస్క్ విప్పేయాలి. ఎవరి పెన్ డ్రైవూ పెట్టకూడదు, ఫోటోలు ఫోన్‌కు పంపమనాలి. అన్నీ అన్న పెట్టిన షరతులే.

చెప్పడం తేలిక. మొన్న ఝరాసంగం నుంచి ఆటోలో వచ్చిన పెద్దాయన పెన్ డ్రైవ్ వద్దన్నానని ముఖం మాడ్చుకున్నాడు. "మా ఇంట్ల ఏం రోగమున్నదమ్మా?"

ఫిబ్రవరి 4, బుధవారం

రెండు కార్డులు ప్రెస్సుకు పంపాను. తర్వాత రొట్టెలు కాల్చే పనిలో పడి... నెట్ వైరు మూడింటిదాకా అలాగే ఉంది. చూడగానే పీకేశాను.

ఏమీ కాలేదు. అన్నకు చెప్పలేదు.

ఫిబ్రవరి 5, గురువారం

పొయ్యి, కంప్యూటర్, గుమ్మం. మళ్లీ పొయ్యి. గడప దాటి నాలుగు రోజులైంది.

ఫిబ్రవరి 6, శుక్రవారం

పొద్దున్నే మొగుడంపల్లి నుంచి ఆడబిడ్డ. కూతురికి సంబంధం ఖాయమైంది, కార్డు రాయించాలి. మా వైపు కార్డు రాసే కాగితానికి నాలుగు మూలలా పసుపు పెట్టి తెస్తారు. వదినె కాగితం తేలేదు. పళ్లెంలో బియ్యం, బియ్యం మీద పెన్ డ్రైవ్. దానికే నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ బొట్టు.

"పిలగానోళ్లు ఇచ్చిన్రు. పేర్లు, ఫోటోలు, అన్ని గిండ్లనే ఉన్నయ్."

ఫోన్‌కు పంపమందాం వదినె అన్నాను. అన్నానో, నసిగానో.

"పసుపు పెట్టినదాన్ని వద్దంటవా సునందా? పదిన్నరకు రాహుకాలం. జల్ది మొదటి అక్షరం కొట్టు."

అత్త కూడా వచ్చి నిలబడింది. "పెట్టరాదు బిడ్డా, ఏం పోతది?"

గడియారంలో పదీ ఇరవై. పెట్టాను. పసుపు రాలి సందులో పడింది. శ్రీరస్తు, శుభమస్తు అని కొట్టగానే నా నోట్లో చక్కెర పోశారు. వదినె పెన్ డ్రైవ్ కళ్లకద్దుకుని తీసుకెళ్లిపోయింది.

వాళ్లను సాగనంపి వచ్చి చూస్తే ఫోల్డర్లన్నిటికీ చిన్న బాణం గుర్తులు. ఒక్కటీ తెరుచుకోదు.

అప్పుడు గుర్తొచ్చింది. శుక్రవారం. హార్డ్ డిస్క్ తగిలించే ఉంది.

ఫిబ్రవరి 7, శనివారం

అన్నకు ఫోన్ చేసి చెప్పాను. "ముందుగాల నెట్ వైరు పీకు."

"పీకే ఉన్నది అన్నా."

"డిస్క్?"

"అది తగిలించే ఉండె." అన్న రేపు వస్తానన్నాడు.

కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

అన్న పొద్దున కూర్చుంటే రెండింటికి లేచాడు. ఫైళ్లు పోలేదు, ఆ వైరస్ వాటిని దాచిపెట్టిందంతే. పదకొండేళ్ల కార్డులూ ఉన్నాయి. వంటింట్లోకి వెళ్లి ఏడ్చి వచ్చాను. డిస్క్ శుభ్రం చేసి తెస్తానని తీసుకెళ్లాడు.

వెళ్లేముందు: "ఇది ఒక పెన్ డ్రైవ్ కెంచి ఇంకోదానికి ఎక్కుతది. ఆళ్లకు చెప్పు. ఎవ్వలూ దాన్ని యాడ పెట్టొద్దు. పంపితే నేను సాఫ్ చేసి ఇస్త."

బుధవారం సంగతి అప్పుడు చెప్పాను. నెట్ వైరు మూడింటిదాకా... నా దాంట్లోంచే వాళ్లదానికి ఎక్కిందేమో?

"ఎట్ల చెప్తం చెల్లె. రెండు తీర్లా అయ్యుండొచ్చు."

నీ దాంట్లోంచి కాదని అబద్ధమైనా చెప్పి ఉండాల్సింది అన్న.

ఫిబ్రవరి 9, సోమవారం

ఆయనకు చెప్పాను. అన్నం కలుపుతూ విన్నారు.

"పెండ్లి ముంగట పిలగానోళ్ల పెన్ డ్రైవ్‌ల పురుగున్నదని చెప్తవా? శుభమా అని కార్డు రాయమంటే! నీ డబ్బనే పాతది, ఎవ్వలైనా దాన్నే అంటరు. నోరు మూసుకోని ఉండు. పెండ్లి అయినంక దాన్ని తీసేద్దం."

పెళ్లి అయినంక. కంప్యూటర్‌కు కూడా ముహూర్తం పెట్టేశారు.

అత్త నా కంప్యూటర్ ఉన్న ఈ మూలకేసి చూస్తోంది. ఫ్రిజ్ ఇటు జరిపితే వంటింట్లో జాగా అవుతుందట. ఈ ఇంట్లో నాది అనుకునేది ఈ మూల ఒక్కటే. కుర్చీ కూడా నాది కాదు, అన్నం తినేటప్పుడు అటు తీసుకుపోతారు. కోపం వస్తోంది. ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

వదినె ఫోన్. "రేపు పదికొడితే వస్త. ఇంకో ఫోటో ఎక్కించిన్రు పెన్ డ్రైవ్‌ల. నువ్వు పెట్టుకున్నంక దాన్ని సీదా పిలగానికి ఇయ్యాలె. ఆఫీసుల పెట్టి అందరికి చూపిస్తడంట."

ఆఫీసు కంప్యూటర్‌లో. కొత్త ఉద్యోగం. ఇంకా పర్మనెంట్ కాలేదని మొన్ననే చెప్పింది.

"సరే వదినె" అన్నాను. ఇదేం నోరు!

సాయంత్రమంతా మనసులో మాటలు పేర్చుకోవడమే. ఫోటో ఫోన్‌కు పంపమందాం, పెన్ డ్రైవ్ అన్న దగ్గరికి పంపుదాం... అంటే, ఎందుకంటుంది. ఎందుకో చెబితే పిలగానోళ్లను అన్నట్టు. తప్పు నాదే అయ్యుండొచ్చు అంటే ఈ మూల పోయినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్పకపోతే ఆ పిల్లవాడి ఉద్యోగం. మేనకోడలి పెళ్లి.

ఫిబ్రవరి 11, బుధవారం

పదిన్నర. వదినె వచ్చింది. వంటింట్లో అత్తతో చాయ్ తాగుతోంది. పళ్లెం నా కీబోర్డు మీద పెట్టి వెళ్లింది. కొత్త పసుపు, ఇంకా తడి ఆరలేదు.

నేను కంప్యూటర్ ఆన్ చేయలేదు. నల్ల తెరలో నా ముఖం.

"సునందా, పెట్టినవా?"

లేదన్నాను.

"ఎందుకు? పన్నెండుకు రాహుకాలం, జర జల్ది కానియ్యి."

పెన్ డ్రైవ్ పళ్లెంలోంచి తీశాను. ఎడమ గుప్పిట్లో ఉంది. కాగితం పట్టుకోకుండా కుడిచేత్తో ఇది రాస్తున్నాను, అక్షరాలు పక్కకు పోతున్నాయి.

"వదినె, ఇటు రా. నీకో మాట చెప్పాలె" అన్నాను. గట్టిగానే అన్నాను, ముందు గదిలో ఉన్న ఆయనకు కూడా వినబడేలా.

లోపల మాటలు ఆగాయి. కప్పు కింద పెట్టిన చప్పుడు.