అత్తమ్మ బాప్తిస్మం, నా బుడగ మిషన్లు

మార్చి 29, మట్టల ఆదివారం

ఇవాళ మాటిచ్చేశా! ఆరాధన అయ్యాక స్త్రీల సమాజంలో అందరిదీ ఒకటే ఏడుపు. ఈస్టర్‌కి బాప్తిస్మం తొట్టి నింపాలి. ట్యాంకర్ దొరకట్లేదు. చర్చి బావి ఉంది గానీ, పక్క సందులో చీరల అద్దకం షాపు పుణ్యమా అని నీళ్లు గులాబీ రంగు. తెల్ల చీరతో దిగితే గులాబీ చీరతో లేస్తారు.

"నేను శుభ్రం చేస్తా" అన్నా. మెట్టుగూడ మొత్తానికి కెమిస్ట్రీ టీచర్‌ని నేనొక్కదాన్నే అన్నట్టు.

మా అత్తమ్మ రోసమ్మకి కళ్లల్లో నీళ్లు. పసిపిల్లప్పుడు గుంటూరులో చిలకరింపు బాప్తిస్మమే అయిందట. డెబ్బై దాటాక ఇప్పుడు నిండా మునగాలని కోరిక. ఈస్టర్‌కి ఆమెదే మొదటి పేరు.

మార్చి 30

ప్లాన్: పాత బ్యాటరీ సెల్ పగలగొట్టాలి. లోపలి నల్లపొడి మాంగనీస్ డయాక్సైడ్. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వేస్తే బుడగలు వెనక్కి, నలుసు ముందుకి. కంటికి కనబడని మిషన్లు! వాటంతట అవే తిరుగుతూ రంగును విరిచేస్తాయి. పెద్ద ల్యాబుల్లో ఇదే చేస్తున్నారట.

స్కూల్ మైక్రోస్కోప్‌లో చూశా. సిగ్నల్ పడగానే ఆటోలు ఉరికినట్టు ఉరుకుతున్నాయి! ఒక గ్లాసు గులాబీ నీళ్లలో వేశా. సాయంత్రానికి రంగు మాయం!

మా ఆయన జ్ఞానశేఖర్‌కి చూపించా. "టీవీ రిమోట్ సెల్స్ ఏవీ?" అన్నాడు. సైన్స్ అంటే గౌరవం లేని మనిషి.

ఏప్రిల్ 1

గ్లాసు అయింది, ఇవాళ బకెట్. నురగ బకెట్ దాటి, బాత్రూం దాటి, హాల్లోకొచ్చింది. నీళ్లు మాత్రం గులాబీనే. పెరాక్సైడ్ చాల్లేదు. అంతే!

పాస్టర్ అబ్రహాం అయ్యగారు ఫోన్ చేశారు. "ఎందాక వచ్చింది ప్రిసిల్లమ్మా?"

"సగం అయింది అయ్యగారూ."

శ్రమల వారంలో అబద్ధం. క్షమించు తండ్రీ.

ఏప్రిల్ 2

బ్యూటీ పార్లర్ సామాన్లమ్మే షాపులో పెద్ద క్యాన్ దొరికింది. ఘాటు పెరాక్సైడ్. మేడ మీద డ్రమ్ములో బావి నీళ్లు నింపి మొత్తం పోశా. నల్లపొడి రేపు వేస్తా. తలనొప్పి. పేపర్లు సుత దిద్దాలి. మిషన్లు ఒక్క పూట లేటైతే కొంపేం మునగదు.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే

అయ్యో అయ్యో అయ్యో.

పొద్దున మేడెక్కితే డ్రమ్ములో నీళ్లు తేటగా! పక్కనే స్టూలెక్కి అత్తమ్మ. ముక్కు పట్టుకుని తల ముంచుతోంది, లేపుతోంది.

"ప్రాక్టీసే! అయ్యగారు ముంచితే ఊపిరాడదేమోనని భయమే. నీ మిషన్లు ఎంత బాగా కడిగాయే తల్లీ!"

జుట్టు ఎండలో ఆరబెట్టుకుంది. ఆరేసరికి రాగి చెంబు రంగు.

ఆ వయసులో నల్లటి జుట్టు దేవుడి కృప అని సంఘమంతా నమ్ముతోంది. చెప్పింది ఆమే. రంగు ప్యాకెట్ తెచ్చిచ్చేది నేను.

"ఈ తలతో సంఘం ముందుకా? బాప్తిస్మం వద్దు, ఏమీ వద్దు" అని తలుపేసుకుంది.

ఇంకో సంగతి. నల్లపొడి డబ్బా మూత కూడా తీయలేదు. మిషన్లే లేవు! రంగు పోగొట్టింది ఉత్త పెరాక్సైడ్. అంటే మొన్నటి గ్లాసులో కూడా...? తర్వాత ఆలోచిస్తా.

ఏప్రిల్ 4

అయ్యగారికి నిజం చెప్పేశా. "ఉన్న నీళ్లతోనే నింపుతాంలేమ్మా" అన్నారు. మిషన్లూ వద్దు, ఏం వద్దు. పొడి డబ్బా చెత్తబుట్టలో పడేశా.

రంగు ప్యాకెట్ తీసుకెళ్లి అత్తమ్మ తలుపు కొట్టా. తీయలేదు. లోపల ఏడుస్తోంది. ఇన్నేళ్లకి ధైర్యం చేసిన మనిషిని గుమ్మంలోనే ఆపేశా. నాకూ ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 5, ఈస్టర్

పొద్దున్నే తెల్ల చీర కట్టి, ముసుగేసుకుని, ఆటో పిలవమంది. పరుగెత్తి పిలిచా.

తొట్టి నిండా గులాబీ నీళ్లు. దిగేముందు సాక్ష్యం చెప్పాలి. అత్తమ్మ మెట్ల మీద నిలబడి ముసుగు తీసేసింది! స్త్రీల సమాజం నోళ్లు తెరిచింది.

"ఇన్నాళ్లూ రంగేసుకుని దేవుడి కృప అని చెప్పాను. అబద్ధం. మా కోడలి నీళ్లలో పోయింది. నీళ్లు మనల్ని కడగాలి గానీ, ఈ పిచ్చిది వారం నుంచీ నీళ్లని కడుగుతోంది! నాకోసమే పాపం. ముంచండి అయ్యగారూ."

ముక్కు పట్టుకోవడం మర్చిపోయింది. గులాబీ చీరతో లేచి, దగ్గుతూ నవ్వింది. నేను బోరుమని ఏడ్చా.

ఏప్రిల్ 6

స్త్రీల సమాజం నుంచి ముగ్గురు విడివిడిగా, గుసగుసగా ఫోన్ చేశారు. "ప్రిసిల్లా, ఆ డ్రమ్ములో నీళ్లు ఇంకా ఉన్నాయా?"

అత్తమ్మ నా టేబుల్ మీద రెండు సెల్స్ పెట్టింది. పక్కన, చెత్తబుట్టలోంచి ఏరి తుడిచిన నా పొడి డబ్బా.

"మళ్లీ బాప్తిస్మాలు పెంతెకొస్తు పండక్కంట. అప్పటికన్నా బావి బాగుచెయ్యి. ఈసారి పొడి వెయ్యడం మర్చిపోకు."

రెండు గ్లాసులు పెట్టా. ఒకదాంట్లో ఉత్త పెరాక్సైడ్, రెండోదాంట్లో మిషన్లు సుత. ఏది కడుగుతుందో తేలాలి కదా. ఏటేటా పిల్లలకి చెప్పే పాఠమే. షురూ!

హాల్లోంచి మా ఆయన అరుస్తున్నాడు. రిమోట్ పనిచేయట్లేదంట.