ఉప్పు కలపని ఐసు

1946 మే 12, ఆదివారం, చిత్తూరు

వేలూరు డాక్టరు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నాను. మా ఆయన గొంతులో పుండు ఆపరేషన్‌కు లొంగేది కాదు. వేడి వద్దు, కారం వద్దు, ఉప్పు అసలే తగలకూడదు. చల్లగా, మెత్తగా ఏదైనా సరే, దిగినంత దిగనివ్వండి అన్నాడు. ఎన్నాళ్లు అని అడిగాను. మీ అబ్బాయిని పిలిపించుకోండి అన్నాడు.

ధనంజయ జబల్పూరులో పట్టాళంలో ఉన్నాడు. వాళ్ల నాయన వద్దన్నా వినకుండా నాలుగేళ్ల కిందట వెళ్లిపోయాడు. అప్పటినుంచి తండ్రీకొడుకుల మధ్య ఉత్తరం ముక్క లేదు. ఆయనకు మాట పోయి వారమైంది. ఈ రోజు పలక మీద రాసి చూపించారు: వాణ్ణి రమ్మను.

టెలిగ్రాం ఇచ్చి వచ్చాను.

మే 14

పొద్దున పాలు 9 చెంచాలు. సాయంత్రం 6. మజ్జిగ పులుపుకు మండింది, ఆపేశాను. ఈ ఇంటి లెక్కల పుస్తకంలోనే కుడివైపు పేజీ ఇక చెంచాలకే.

మే 16

ఏం తినాలని ఉంది అని అడిగితే ఐస్‌క్రీం కేకు అని రాశారు.

1924లో డిపార్ట్‌మెంట్ పరీక్షకు మద్రాసు వెళ్లినప్పుడు ఒక ముక్క తిని వచ్చారు. అడుగున కేకు, దాని మీద ఎరుపు, తెలుపు, పసుపు. అరచేతి మీద అరచేయి పెట్టి వరసలు చూపించేవారు. రైల్లో తేవడానికి లేదు, కరిగిపోతుంది అన్నారు. అప్పుడు ధనంజయ నా కడుపులో ఉన్నాడు. ఒక్కరే తిని వచ్చారని నాకు కోపం వచ్చింది. ఇరవై రెండేళ్లలో ఆ మాట ఆయనతో అనలేదు.

మే 17

మా వీధి చివర ఉండే రైల్వే గార్డు చెంగల్రాయుడిని అడిగాను. వేలూరులో ఐసు ఫ్యాక్టరీ ఉందట. రంపపు పొట్టులో పెట్టి గోనె చుట్టి కాట్పాడి బండిలో తెస్తానన్నాడు. కాట్పాడి స్టేషన్ వంటవాడు చేస్తుంటే చూశాడట. మూడు పాళ్లు ఐసుకు ఒక పాలు ఉప్పు యెయ్యాలక్కా, ఉప్పు తగిల్తే ఐసు బిన్నా, గబగబా సచ్చిపోతాది, సచ్చేటప్పుడే బాగా సల్లబడతాది, ఉప్పు లేకుంటే కదలకుండా అట్నే పండుకోనుంటాది అన్నాడు.

మే 19, ఆదివారం

పదింటికి మొదలుపెడితే అయిదయింది.

ఎరుపుకు బొప్పాయి. నిన్న పచ్చి గుజ్జు పాలలో కలిపి చూస్తే చేదెక్కింది. ఈ రోజు ఉడికించి కలిపాను, చేదు లేదు. తెలుపుకు పాలు మూడో వంతుకు మరగకాచాను. పసుపుకు మామిడి రసం, పీచు గొంతుకు గుచ్చుకోకుండా పాత పంచె గుడ్డలో రెండుసార్లు వడకట్టాను. అడుగున పాలలో నానిన రస్కులు. అవి ఆయనకు దిగవు. కానీ అడుగు లేకుంటే కేకు కాదు, అది నువ్వు తిను అని పలక మీద రాశారు.

చెక్క తొట్టిలో ఒకటిన్నర మణుగు ఐసు, ఉప్పు. మధ్యలో సత్తు డబ్బా. ఒక్కో వరసను పావుగంటకోసారి మూత తీసి కలపాలి, లేకుంటే సూదుల్లా గడ్డ కడుతుంది. ఒకటి గట్టిపడ్డాకే రెండోది పోయాలి.

మధ్యలో మరిది భార్య సుబ్బులమ్మ వచ్చింది. మొగుడు మంచాన పడుంటే నీకు ఐసుకిరీము సంబడమేందక్కా అని మూతి తిప్పింది. పోతూ పోతూ తన రేషన్ చక్కెర అరసేరు గడప మీద పెట్టి పోయింది.

కోస్తే మూడు రంగులూ విడివిడిగా వచ్చాయి. ఆయన చాలాసేపు చూశారు. అరచేతి మీద అరచేయి పెట్టారు. ఇదే కదా అన్నట్టు. తినిపిస్తూ పైకి లెక్కపెట్టాను. పది, పదకొండు. ఈ నెలలో ఇదే ఎక్కువ. ఎదురుగానే కూర్చుని పుస్తకంలో రాశాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషం అనుకున్నాను.

మే 20

నిన్న ఆయనకు పెట్టాక మిగిలిన ముక్క నేను నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు. పైనున్న మామిడి మరీ ఉప్పు కషాయం. మూత సందులోంచి తొట్టి నీళ్లు దిగాయి.

నేను రుచి చూడలేదు. ఎప్పుడూ ఆయన తిన్నాకే తినే అలవాటు.

పుండు మీద పదకొండు చెంచాల ఉప్పు. ఎందుకు చెప్పలేదు అని అడిగాను. పలక తీసుకుని రాశారు: నువ్వు లెక్క రాసుకుంటున్నావు.

మే 21

లెక్క మానేశాను.

మే 26, ఆదివారం

డబ్బాలో వట్టి మంచినీళ్లు పోసి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తి, ఉప్పునీళ్లలో గంటసేపు ముంచాను. లోపలి నీళ్లు తాగి చూశాను. ఉప్పు దిగలేదు. ఇక మూత తీసినప్పుడల్లా పిండి మెత్తాలి.

ఆ తర్వాతే కేకు. మొదటి చెంచా నేను తిన్నాను. ఆయన తింటున్నంతసేపూ గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

జూన్ 1

టెలిగ్రాం. 9 నుంచి లీవ్. 12న పొద్దున పదకొండు గంటల బండికి దిగుతాడు. చదివి వినిపించాను. ఆయన వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టారు. రెండు చేతులూ చాలలేదు.

జూన్ 8

నీళ్లు మాత్రం, దూదితో. ఇంకా నాలుగు రోజులు. వాడు దిగేటప్పటికి కేకు ఉండాల అని రాశారు. అక్షరాలు పలక దాటిపోయాయి.

జూన్ 11, మంగళవారం, మధ్యాహ్నం 1

ఐసు వచ్చింది. నాలుగు మణుగులు. రేపు బండి ఆలస్యమైనా కేకు నిలవాలని ఎక్కువ తెప్పించాను. ఒక మణుగు కొట్టి ఉప్పు కలిపాను. మూడు మణుగులు పొట్టులోనే ఉంచాను.

3 గంటలు

ఎరుపు గట్టిపడింది. తెలుపు పోశాను. ఆయన నిద్రపోతున్నారు.

3.40

నిద్ర కాదు.

సాయంత్రం 6

మరిది కోదండం వచ్చాడు. అన్న కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. తర్వాత లేచి, పొద్దు గూకేలోపల ఎత్తెయ్యాల వదినా, ఎండలు సూస్తా ఉండావు గదా, మావోడు కొరివి పెడతాడు అన్నాడు. ధనంజయ రేపు దిగుతాడు, వాడే పెట్టాలి అన్నాను. అంతసేపు యాడ నిలుస్తాది వదినా అన్నాడు. అతను అన్నది తప్పు కాదు.

గోనె విప్పి చూపించాను.

కోదండమే గడ్డలు మోసి అన్న చుట్టూ పేర్చాడు. చెంగల్రాయుడు అలవాటు కొద్దీ ఉప్పు సంచి ఎత్తుకొచ్చాడు. వద్దన్నాను.

జూన్ 12

బండి ఇరవై నిమిషాలు ఆలస్యం. వాడు ఆయన చెయ్యి పట్టుకుని, నాయన ఇంత సల్లగా ఉండాడేంటికమ్మా అన్నాడు. ఐసు అన్నాను. నా మీద కోపంతోనే పోయినాడా అని అడిగాడు. పలక తుడుచుకుపోయింది. ఈ పుస్తకం ఎవరికీ చూపించను. మే 12 పేజీ ఒక్కటి విప్పి వాడి ముందు పెట్టాను.

అంతా అయ్యాక, సాయంత్రం, తొట్టిలో డబ్బా గుర్తొచ్చింది. పిండి చెక్కుచెదరలేదు. లోపల ఎరుపూ తెలుపూ కలిసిపోయాయి. పసుపు పోయనే లేదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు.

కరివేపాకు చెట్టు మొదట్లో పోశాను.

జూన్ 14

ఉప్పు కలిపిన ఐసు, మే 19న, ఒకటిన్నర మణుగు: ఏడు గంటలు.
ఉప్పు కలపనిది, మూడు మణుగులు: ఇరవై గంటలు. చివర్లో పిడికెడు మిగిలింది.