పారబోసిన నీళ్లు

కల్వకుర్తి, 1996 జూలై, బుధవారం రాత్రి

ఆయన డయాలసిస్‌కు హైదరాబాద్ పోయి వచ్చాం. మొన్న రక్తం ఎక్కించినా మళ్లీ తగ్గిపోయిందట.

ఇన్నాళ్లూ తప్పు నాదేనేమో అనుకున్నాను. కిడ్నీ జబ్బుకు పడని పొటాషియం పోవాలని, దవాఖానలో చెప్పినట్టే కూరగాయలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుతున్నాను. "సత్తువంత మోరీల పోస్తున్నవు, నా కొడుక్కు రక్తమెట్ల పడ్తది?" అని అత్తమ్మ రోజూ అంటూనే ఉంది.

ఈరోజు డాక్టరు ఒక వింత ప్రశ్న అడిగారు. ఇంట్లో పిల్లలెవరికైనా జ్వరమొచ్చి, కొట్టినట్టు చెంపలు ఎర్రబడ్డాయా అని.

ఆడబిడ్డ కూతురు లావణ్య గుర్తొచ్చింది. పోయిన నెల హాలియా నుంచి జ్వరంతోనే వచ్చింది. అత్తమ్మే "మామ దగ్గర పండుకో బిడ్డ" అని ఆయన పక్కన పడుకోబెట్టింది. తర్వాత చెంపలు ఎర్రబడితే, పిల్లను కొట్టావని ఆడబిడ్డను తిట్టింది కూడా.

పార్వో అనే వైరస్ అట. పిల్లలకు ఊరికే తగ్గిపోతుంది. ముందే రక్తం తక్కువున్న ఆయనలాంటి వాళ్లకు మాత్రం కొన్నాళ్లు రక్తం తయారుకావడమే ఆగిపోతుందట. మళ్లీ మొదలవుతుందన్నారు. ఎప్పుడో చెప్పలేదు.

మేం వచ్చేసరికి అత్తమ్మ అన్నం ముట్టకుండా గడపలో కూర్చుని ఉంది.

"డాక్టర్ సాబ్ ఏమన్నడు?"

లావణ్య పేరు నోటి దాకా వచ్చింది.

"ఏదో వైరసంట అత్తమ్మా. ఎట్లొచ్చిందో తెల్వదంట."

"నాకెర్కనే. రేపటి సంది ఆ నీళ్లు పారబొయ్యకు."

రేపూ పారబోస్తాను, ఆమె ఎదుటే. తిడితే పడతాను. లావణ్య పేరు ఎత్తను. ఇవాళ్టికైతే ఎత్తలేదు.